పాట అయ్యేలోగా పది కిలోలు

'సైజ్ జీరో' సినిమాని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి 2015 నవంబరులో, విడుదలైన వారంలోనే, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి థియేటర్లో. అప్పుడు నా బరువు గురించి నాకంత పట్టింపు లేదు. లావుగా ఉన్న అమ్మాయి కథానాయిక కావడమే ఒక గెలుపనుకుని సంబరపడుతూ ఇంటికొచ్చాను. రెండోసారి ఈ మధ్యనే, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు. అప్పటికి నేను నడక మొదలుపెట్టి పద్నాలుగు వారాలు. మొదటి తొమ్మిది వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. తర్వాత ఐదు వారాలూ తూకం మిషన్ 76 దగ్గర భీష్మించుకుని కూర్చుంది. ఆ పొద్దున మిషన్ని కాలితో మంచం కిందికి తోసేశాను. ఇంక చాలు, మానేద్దాం అనుకుంటూ టీవీ ముందు కూలబడ్డాను.

మానేద్దామనుకుంటున్న మనిషి కళ్ళతో చూస్తే అది వేరే సినిమాలా ఉంది!

అసలు నేనెందుకు మొదలుపెట్టానో ముందు చెప్పాలి. మా అమ్మకి యాభై దాటకుండానే షుగరొచ్చింది. కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. చివరి మూడేళ్ళూ చూపు మందగించి, తను ప్రాణంగా చదువుకునే వారపత్రికల సీరియళ్ళని మా చేత చదివించుకునేది. నాకు నలభై ఎనిమిదో ఏట రక్తపరీక్షలో మూడు నెలల సగటు 6.2 వచ్చింది. ఇంకా షుగరు కాదు, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కాస్త బరువు తగ్గమన్నారు, నడవమన్నారు. మర్నాటి నుంచీ పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక.

మూడో వారంలో మా కాలేజీలో ఒక పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, నా టిఫిన్ డబ్బాలో కీరదోస ముక్కల్ని చూసి, "మేడం, మీరు కూడానా?" అంది. ఆ 'కూడా' ఉంది చూశారూ, అది నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆడవాళ్ళ శరీరాల మీద పరాయి చూపుల పెత్తనం గురించి పాతికేళ్ళుగా పాఠాలు చెప్పే మనిషిని. ఇప్పుడు నేనే అద్దం ముందు లొంగిపోయానని ఆ పిల్ల అనుకుంది. నాక్కూడా లోపల్లోపల ఆ అనుమానం లేకపోలేదు. తెల్లవారుజామున మోకాళ్ళు సలుపుతుంటే, మానేయడానికి బద్ధకం కంటే గౌరవమైన కారణం ఒకటి దొరికింది నాకు. స్త్రీవాదం!

ఇక సినిమా సంగతి. ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వం, కనికా ధిల్లాన్ కథ. సౌందర్య, ముద్దుపేరు స్వీటీ, బొద్దుగా, హాయిగా, ఇష్టంగా తినే అమ్మాయి. పెళ్ళి కావడం లేదని తల్లి ఊర్వశి బెంగ. చూడ్డానికొచ్చిన అబ్బాయితో సంబంధం కుదరదు, స్నేహం కుదురుతుంది. ఆ స్నేహం ఈ పిల్ల వైపు నుంచి ప్రేమవుతుంది. అతను సన్నటి మరో అమ్మాయి వైపు మొగ్గుతాడు. ఈమె వెళ్ళి సన్నబడే క్లినిక్‌లో చేరుతుంది. అక్కడి మోసానికి స్నేహితురాలి ఆరోగ్యం పాడై ప్రాణం మీదికి రావడంతో క్లినిక్ మీద పోరాటం మొదలుపెడుతుంది. చివరికి ప్రేమ కూడా ఫలిస్తుంది.

మంచిని మంచి అనాలి. లావుపాటి ఆడమనిషి తెలుగు తెరమీద ఎన్నేళ్ళుగానో నవ్వులాట వస్తువు. ఆమె కుర్చీలో కూర్చుంటే కుర్చీ విరగాలి, హీరో మీద మనసుపడితే హాలంతా నవ్వాలి. అలాంటి చోట, పేరున్న కథానాయిక అనుష్క ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగి నటించడం చిన్న సంగతి కాదు. స్వీటీ తినేటప్పుడు కెమెరా ఆమెను వెక్కిరించని చోట్లు ఉన్నాయి. తల్లి బెంగలో కూడా నిజం ఉంది. కూతుర్ని తూచేది తల్లే, కానీ ఆ తక్కెడ ఆమె చేతికిచ్చింది వేరేవాళ్ళు. ఈ రెండో మాట మాత్రం సినిమా అనదు. తల్లి మాటల్ని హాస్యంలో కలిపేసి ఊరుకుంటుంది.

నా పేచీ మరొక చోట. స్వీటీ సన్నబడాలని మొదలుపెట్టడానికి కారణం ఒక మగవాడు తనను కాదనుకోవడం. అక్కర్లేదని ఆపడానికి కారణం క్లినిక్ యజమాని మోసగాడు కావడం. ప్రకాశ్‌రాజ్ లాంటి విలన్ ఉన్నాక ఇంక సమాజాన్ని ఎవరు బోనెక్కిస్తారు? మందులిచ్చి మోసం చేసేవాడు దొరికిపోతే సమస్య తీరిపోయినట్టే! ఆఖర్న, నువ్వు నీలాగే బాగున్నావు అన్న మాటకి రుజువు ఏమిటంటే, ఆ అబ్బాయి వెనక్కి రావడం. 'సైజ్ జీరో'కి జవాబుగా ఆమె ఉద్యమం ఎత్తుకున్న నినాదం 'సైజ్ సెక్సీ'. కొలత మారింది గానీ కొలిచే కళ్ళు మారలేదు కదా!

అంటే మొదలుకి అవమానం, చివరికి ఆమోదం. మధ్యలో? మధ్యలో ఏమీ లేదు. క్లినిక్‌లో కాస్త హాస్యం, కాస్త హడావుడి, అంతే. మన సినిమాల్లో శ్రమంతా పాటలోనే జరుగుతుంది. పల్లవిలో పేదవాడు చరణం పూర్తయ్యేసరికి కోటీశ్వరుడైనట్టు, ఈ కథల్లో పాట అయ్యేలోగా పది కిలోలు కరిగిపోవాలి. లేదా ప్రయత్నమే తప్పని తేలిపోవాలి. పద్నాలుగో వారంలో ఐదు వారాలుగా ఏమీ జరగని ఆడమనిషికి ఏ కథలోనూ చోటు లేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో హిందీలో 'దమ్ లగా కే హైశా' వచ్చింది. హరిద్వార్‌లో క్యాసెట్ల కొట్టు నడుపుకునే కుర్రాడికి బి.ఇ.డి. చదివిన లావుపాటి అమ్మాయితో బలవంతపు పెళ్ళి. తన శరీరం గురించి అతను నలుగురిలో నీచంగా మాట్లాడితే సంధ్య చెంప పగలగొడుతుంది. సినిమా మొత్తంలో ఒక్క కిలో తగ్గదు, తగ్గాలనుకోదు. నాకు చాలా ఇష్టమైన సినిమా. కానీ ముగింపులో ఆమెను వీపున మోసుకుని పరిగెత్తేది మొగుడే. నా మోకాళ్ళ సంగతి సంధ్యకీ తెలీదు.

సినిమాలను తిట్టడం తేలిక. మన సాహిత్యం మాటేమిటి? పైట గురించి, చూపుల గురించి జయప్రభ రాసింది. పురిటిగది గురించి కొండేపూడి నిర్మల, అబార్షన్ గురించి పాటిబండ్ల రజని, వంటింటి గురించి విమల రాశారు. ఓల్గా 'రాజకీయ కథలు' ఆడదాని కళ్ళనీ జడనీ కూడా రాజకీయం చేశాయి. అవి చదివి మనుషులమైనవాళ్ళం మనం. అయితే నేను చదివినంతలో తూకం మిషన్ ఎక్కి దిగే నడివయసు ఆడమనిషి కనిపించలేదు. ఇది ఫిర్యాదు కాదు. అప్పటికి మన శరీరాల్ని మనవి అని చెప్పుకోవడమే పెద్ద పని. మనవి అయ్యాక వాటిని ఏం చేసుకోవాలి, వాటికి జబ్బు చేస్తే ఎలా అన్నది తర్వాతి ప్రశ్న. మనం ఇప్పుడు ఆ ప్రశ్న దగ్గరున్నాం, వయసు రీత్యా కూడా.

అమెరికన్ రచయిత్రి రొక్సేన్ గే 2017లో 'హంగర్' అనే పుస్తకం రాసింది. పన్నెండేళ్ళ వయసులో సామూహిక అత్యాచారానికి గురై, ఇంకెవ్వరూ తన జోలికి రాకుండా ఉండడానికి తిని తిని శరీరాన్ని కోటలా కట్టుకున్న మనిషి కథ అది. ఇది గెలుపు కథ కాదని మొదట్లోనే చెప్పేస్తుంది. సన్నబడిన ఫోటో అట్ట మీద ఉండదంటుంది. ఆ పుస్తకం వచ్చిన మరుసటేడే, 2018 జనవరిలో, ఆమె పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుంది. ఆ సంగతి దాచకుండా, తన సందేహాలతో సహా, వ్యాసం రాసింది. నన్ను నేను ద్రోహినని తిట్టుకుంటున్న రోజుల్లో అది చదివాను. అంత పుస్తకం రాసిన మనిషి తన మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోకుండానే తన శరీరం గురించి మరో నిర్ణయం తీసుకోగలిగింది. నా కీరదోస ముక్కలు ఏపాటివి!

సరే, సిద్ధాంతం ఒక కొలిక్కి వచ్చింది. అయినా మిషన్ కదల్లేదే!

ఇక్కడే పత్రికల మహిళల పేజీలు రంగంలోకి దిగుతాయి. సన్నగా ఉన్నప్పటి ఫోటో ఫ్రిజ్ మీద అంటించుకోమంటాయి. ఒక సైజు తక్కువ జాకెట్టు కుట్టించుకుని రోజూ చూసుకోమంటాయి. సంకల్పం ఉంటే చాలంటాయి. సంకల్పం కథేమిటో ఒకసారి చూద్దాం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ముప్ఫైఆరుగురు యువకులకు ఆరునెలల పాటు అర్ధాకలి తిండి పెట్టాడు. మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి పోమని ప్రభుత్వానికే ఎదురు చెప్పినవాళ్ళు వాళ్ళు. సంకల్పానికి కొదవా? అలాంటివాళ్ళు కూడా నీరసించి, చిరాకుపడి, రాత్రీ పగలూ తిండి గురించే ఆలోచిస్తూ, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. 2016లో కెవిన్ హాల్ బృందం ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన పద్నాలుగు మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించింది. వాళ్ళ శరీరాలు ఊరికే కూర్చున్నప్పుడు, ఉండాల్సిన దానికంటే రోజుకి సుమారు ఐదొందల క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయట. పోగొట్టుకున్నదాన్ని తిరిగి కూడబెట్టడానికి శరీరం అంత పొదుపు చేస్తుందన్నమాట! నా ఐదు వారాల మొండితనం నాది కాదు, నా ఒంటిది.

ఈ సంగతి తెలిశాక నాకు కోపం వచ్చింది, ఊరటా కలిగింది. ఇన్నేళ్ళూ మొదలుపెట్టి మానేసిన ప్రతిసారీ, నువ్వు దేనికీ పనికిరావు అని నన్ను నేను అనుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

అయితే అంతా ఒంటి మీదికే నెట్టేయడం కూడా నిజాయితీ కాదు. ఆ ఆదివారం సాయంత్రం కాగితం తీసుకుని ఏ రోజు నడవలేదు, ఎందుకు నడవలేదు అని రాసుకున్నాను. పద్నాలుగు వారాల్లో ఇరవైరెండు రోజులు మానేశాను. అందులో బద్ధకం నాలుగు రోజులు, వాన మూడు రోజులు. మిగతా పదిహేనూ ఇల్లు! అత్తయ్యగారికి ఆరింటికే కాఫీ పడాలి. మా సహచరుడు (ఈ మాట రాసేటప్పుడు నాకెప్పుడూ కాస్త నవ్వొస్తుంది) క్యాంపుకి వెళ్తే ఐదున్నరకే డబ్బా కట్టాలి. అమ్మాయి వచ్చిన వారం మొత్తం నడకే లేదు. రాత్రి మిగిలిన అన్నం పారేయలేక పెరుగు కలుపుకుని తిన్న రోజుల లెక్క నేను రాసుకోలేదు, సిగ్గేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అదే సర్వేలో ఆ వయసు వాళ్ళలోనే 58.8 శాతం మందికి రక్తహీనత. బరువు ఎక్కువ, రక్తం తక్కువ. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే ఎవరి కంచంలో ఏం మిగులుతుందో ఏ కవితా చెప్పనక్కర్లేదు.

ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పెట్టాను. పెద్ద గొడవేం జరగలేదు. "నువ్వు చెబితే కదా తెలిసేది" అన్నాడాయన, మన మగవాళ్ళందరి పేటెంటు వాక్యం. చెప్పకుండానే నాకు ఇరవైరెండేళ్ళుగా ఆయన కాఫీలో పంచదార ఎంతో తెలుసు మరి! పొద్దుటి కాఫీలు ఇప్పుడు ఆయన పెడుతున్నాడు. అత్తయ్యగారు మొదటి వారం తాగలేక తాగి, రెండో వారం నుంచి ఆయన పక్కన నిలబడి నేర్పిస్తున్నారు. అన్నం కొలిచి వండుతున్నాను. మిగిలితే మిగలనీ.

ఇంకొకటి తెలుసుకున్నాను. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం, నాలాగే షుగరు గుమ్మంలో ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఎక్కువమంది మగవాళ్ళే అనుకోండి. నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో షుగరు వచ్చే అవకాశం మూడేళ్ళలో 28.5 శాతం తగ్గింది. వాళ్ళు చెప్పుకోదగ్గంత బరువేం తగ్గలేదట! ఈ ఒక్క ముక్క ఎవరైనా నాకు మొదటి వారంలోనే చెప్పి ఉంటే, నేను ఆ మిషన్ని అంతగా నమ్ముకునేదాన్ని కాదు. మిషన్ ఇంకా మంచం కిందే ఉంది. నెలకోసారి తీస్తాను.

'సైజ్ జీరో' తర్వాత అనుష్క మళ్ళీ ఎప్పుడు సన్నబడుతుందన్న వార్తలు ఏళ్ళ తరబడి వచ్చాయి. పెరిగినంత సులువుగా తగ్గడం లేదని రాసినవాళ్ళెవరికీ, సినిమాలో లేని మధ్యభాగం అదేనని తట్టినట్టు లేదు.

ఈ వ్యాసం రాస్తుండగా మా మామగారి ఆబ్దికం వచ్చింది. మూడు రోజులు నడవలేదు. గారెలు నాలుగు తిన్నాను, అల్లప్పచ్చడితో. నాలుగో రోజు పొద్దున లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు, అత్తయ్యగారి గొంతు, "పాలు పొంగుతున్నాయిరా, చూసుకో." చెప్పులేసుకుని గట్టు మీదికి వెళ్ళాను. పుష్కరాల రేవు దాకా వెళ్ళి, కాసేపు కూర్చుని, తిరిగొచ్చాను.