సంకల్పం కూడా గాయపడుతుంది

తలకు తగిలే దెబ్బ విషయంలో మన కథల్లోనూ, సినిమాల్లోనూ ఒక అలవాటు పాతుకుపోయింది. నాయకుడి తలకు గాయమవుతుంది. గతమంతా మరిచిపోతాడు. చివర మరో దెబ్బ తగిలితేనో, చిన్ననాటి పాట వినబడితేనో అంతా గుర్తుకొస్తుంది. వైద్యశాస్త్రం ఒప్పుకోని ఈ కల్పన ఇంతకాలం ఎందుకు నిలిచింది? రచయితకు ఆ గాయం కథలో ఒక మలుపు మాత్రమే గనుక. మలుపు తిరిగాక దానితో పని లేదు. ఆ గాయంతో బతకవలసిన మనిషీ, ఆ మనిషితో బతకవలసిన ఇల్లూ కథకు వెలుపలే ఉండిపోతాయి.

ఈ అలవాటుకు ఎదురు నిలిచిన పుస్తకం ఒకటుంది. సోవియట్ మనోవైజ్ఞానికుడు అలెగ్జాండర్ లూరియా 1971లో రష్యన్‌లో ప్రచురించాడు. మరుసటి ఏడు ‘ది మాన్ విత్ ఎ షాటర్డ్ వరల్డ్’ పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి విద్యార్థిగా. రెండోసారి మా తమ్ముడు స్కూటరు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ఏడో నెలలో. ఈ రెండు చదువులకూ మధ్య నాకు కనిపించిన తేడాయే ఈ వ్యాసానికి వస్తువు.

పుస్తకంలోని మనిషి పేరు జసెత్‌స్కీ. ఇంజనీరింగు చదువుతూ ఫాసిస్టు దురాక్రమణను ఎదిరించడానికి సైన్యంలోకి వెళ్ళాడు. 1943 మార్చిలో, ఇరవైమూడేళ్ళ వయసులో, స్మోలెన్‌స్క్ ప్రాంతపు యుద్ధంలో తూటా అతని మెదడు ఎడమవైపు వెనుక భాగంలోకి దూసుకుపోయింది. చూపులో కుడి సగం పోయింది. నేర్చిన అక్షరాలు పోయాయి. సొంత ఊళ్ళో దారి తెలియలేదు. ‘నాన్న తమ్ముడు’ అన్నా ‘తమ్ముడి నాన్న’ అన్నా అతనికి తేడా అంతుపట్టదు. మాటలు విడివిడిగా తెలుసు. వాటి మధ్య సంబంధమే చేతికి చిక్కదు.

అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాయలేకపోయిన ఆ మనిషి, ఆలోచించకుండా, చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపున రాస్తే మాట దానంతటదే వస్తుందని కనుగొన్నాడు. చేతికి పాత అలవాటు మిగిలి ఉంది. తాను రాసింది తానే సరిగా చదువుకోలేని స్థితిలో, పాతికేళ్ళ పాటు దాదాపు 3000 పేజీలు రాశాడు. లూరియా ఆ పేజీలను ముందుంచి, తన శాస్త్ర వివరణను పక్కన నిలబెట్టాడు. రోగిని కేసుగా కుదించకుండా చరిత్ర గల వ్యక్తిగా చూపాడు. శిల్పరీత్యా ఇది పెద్ద విజయం.

మొదటిసారి చదివినప్పుడు నేను చూసింది వీరుణ్ణి. ఓటమిని ఒప్పుకోని మనిషిని. మన అభ్యుదయ సాహిత్యం కోరుకునే నాయకుడు ఇతడే కదా అని స్నేహితులతో వాదించాను కూడా. రెండోసారి, అప్పుడు దాటేసిన ఒక విషయం దగ్గర ఆగిపోయాను. జసెత్‌స్కీ అంతగా పోరాడగలగడానికి ఒక భౌతిక కారణం ఉంది. నుదురు వెనక ఉండే మెదడు ముందు భాగం అతనికి దెబ్బతినలేదు. పూనుకోవడం, పథకం వేసుకోవడం, తప్పు గుర్తించి దిద్దుకోవడం ఆ భాగం మీద ఆధారపడిన పనులు. అవి మిగిలాయి గనుకనే తాను కోల్పోయినదేమిటో అతనికి తెలిసింది. తెలిసింది గనుకనే బాధపడ్డాడు, పోరాడాడు. లూరియా దీన్ని దాచలేదు. దాటేసింది నాలాంటి పాఠకులే.

మా తమ్ముడికి దెబ్బ తగిలింది సరిగ్గా ఆ ముందు భాగానికే. నడుస్తాడు, మాట్లాడతాడు, పేపరు చదువుతాడు. స్నానం చెయ్యమని పదిసార్లు చెబితే గానీ లేవడు. అన్నం చల్లారిందని కంచం విసిరికొడతాడు. గంట తరవాత అది గుర్తుండదు. తనకేమీ కాలేదంటాడు. చూడవచ్చిన బంధువులు “మనసు గట్టి చేసుకోవాలిరా, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే” అని చెప్పి వెళతారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మా మరదలితో “కాస్త బద్ధకం పెరిగింది, నువ్వు గట్టిగా ఉండమ్మా” అంటారు.

ఇక్కడే విమర్శకుడిగా నన్ను నేను ప్రశ్నించుకోవలసి వచ్చింది. ఆ బంధువుల మాటకూ, నా పాత ఉపన్యాసానికీ తేడా ఏమిటి? సంకల్పాన్ని శరీరానికి అతీతమైన శక్తిగా చూడడం భావవాదమే. సంకల్పానికీ ఒక మెదడు కావాలి. అదీ గాయపడుతుంది. పోరాడినవాణ్ణే మనిషిగా నిలబెట్టే సాహిత్యం, పోరాడే శక్తినే పోగొట్టుకున్నవాణ్ణి సోమరిగా తీర్పు చెబుతుంది.

రెండో లోపం పుస్తకానిదే. జసెత్‌స్కీ తల్లీ, అక్కచెల్లెళ్ళూ అందులో ఉన్నారు. కానీ పక్కపక్కనే ఉన్నారు. తల్లి ఒక చిన్న పని చెబితే అది అర్థం చేసుకోవడానికే తానెంత అవస్థ పడ్డాడో అతను రాశాడు. ఆ పని చెప్పి ఎదురుచూసిన తల్లి అవస్థ ఎవరు రాయాలి? 3000 పేజీల వెనక ఆ ఇంట్లో ఎన్నిసార్లు పొయ్యి వెలిగిందో లెక్క లేదు. జసెత్‌స్కీ తనకు తెలిసినంతా రాశాడు, అతన్ని తప్పుపట్టలేం. కుటుంబపు శ్రమను వస్తువుగా గుర్తించని దృక్పథాన్నే తప్పుపట్టాలి.

ఆ శ్రమ ఒంటరిదైతే కుటుంబం కూలిపోతుంది. దీన్ని ముందుగా గుర్తించినవాళ్ళూ కుటుంబాలవాళ్ళే. బ్రిటన్‌లో 1979లో హెడ్‌వే, అమెరికాలో 1980లో నేషనల్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ ఏర్పడినప్పుడు చొరవ ఇళ్ళ నుంచే వచ్చింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవైయొక్క వైకల్యాలను పేర్కొంది. ప్రమాదంలో మెదడుకు తగిలిన గాయానికి అందులో విడిగా పేరు లేదు. సర్టిఫికెట్టు కోసం వెళితే ఒక ఆఫీసులో మా తమ్ముడి చేతులూ కాళ్ళూ ఆడించి చూసి “అంతా బాగానే ఉందిగా” అన్నారు. పక్కన నిలబడ్డ మా మరదలు ముఖం మాత్రం ఎవరూ చూడలేదు.

మాకు ఊరట దొరికింది ఆస్పత్రి వరండాలో కలిసిన మరో మూడు కుటుంబాల దగ్గర. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. ఒకసారికి ఒకే పని చెప్పాలని, రోజువారీ పనులు వరసగా రాసి గోడకు అంటించాలని, అలసిపోకముందే విశ్రాంతి ఇవ్వాలని ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నాం. మొదటి ఆదివారం మా మరదలు చెప్పిన మాట ఒక్కటే: “బావగారూ, ఆయన బద్ధకస్తుడు కాదని నాతో అన్నవాళ్ళు వీళ్ళే మొదలు.”

రచయిత మిత్రులకు నా విన్నపం. ప్రమాదం జరిగిన రోజు గురించి చాలా రాశాం. ఇక ఏడో నెల గురించి రాయండి. గెలిచినవాడి గురించే కాదు, గెలవాలన్న కోరికే పోగొట్టుకున్నవాడి గురించి, అతని కంచం మళ్ళీ వడ్డించే మనిషి గురించి రాయండి. బతికి బయటపడ్డాడని మనం కథ ముగించే చోటే ఆ ఇంటి కథ మొదలవుతుంది.