వీర్య సేకరణలో పరిశుభ్రత: మన వ్యాసాలలోని ఒక లోపం

పశువులలో కృత్రిమ గర్భోత్పత్తిని గురించి తెలుగులో వెలువడే వ్యాసాలు చాలవరకు ఒకే దారిలో నడుస్తాయి. 1780 ప్రాంతంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లంజానీ కుక్కపై చేసిన ప్రయోగంతో మొదలై, 1939లో మైసూరులో సంపత్ కుమారన్ చేసిన కృషిని, 1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిసరాల్ సహాయంతో సాధించిన విజయాన్ని తలచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో ముగుస్తాయి. చరిత్ర తెలియవలసినదే. కాని ఆబోతు నుండి వీర్యాన్ని సేకరించే ఘట్టానికి వచ్చేసరికి, "పరిశుభ్రత పాటించవలెను" అన్న ఒక్క వాక్యంతో రచయితలు దాటిపోతున్నారు.

ఆ వాక్యం వెనుక ఎంతో శాస్త్రం ఉన్నది. ఆరోగ్యవంతమైన ఆబోతు వృషణాలలో సాధారణంగా బాక్టీరియా ఉండవు. అవి వీర్యంలో చేరేది బయటికి వచ్చే త్రోవలోనే. లింగాన్ని కప్పే చర్మం, అక్కడి వెండ్రుకలకు అంటిన పేడ, మూత్రం, గాలిలోని దుమ్ము, సరిగా శుద్ధి చేయని కృత్రిమ యోని, పనివారి చేతులు వీటికి ఆధారాలు. వీర్యాన్ని పలుచన చేసే ద్రావణంలోని గ్రుడ్డుసొన నుండి కూడా ఇవి రావచ్చును.

పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు కలిపితే చాలునన్నట్లు కొందరు వ్రాస్తారు. నా ముఖ్యమైన అభ్యంతరం దీనిపైననే. మందు కొన్ని బాక్టీరియాలను చంపినా, అవి విడిచిన విషపదార్థాలు ద్రవంలోనే మిగిలి వీర్యకణాల చలనాన్ని తగ్గించగలవు. సూడోమోనాస్ వంటివి అనేక మందులకు లొంగవు. వైరసులపై ఈ మందులకు ప్రభావమే లేదు. ఇక అతిశీతలం వీర్యకణాలతోపాటు అనేక సూక్ష్మజీవులను కూడా భద్రపరుస్తుంది!

నష్టం ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒకసారి లభించిన 5 మిల్లీలీటర్ల వీర్యంలో మిల్లీలీటరుకు 100 కోట్ల కణాలు ఉన్నవనుకొందాము. మోతాదుకు 2 కోట్ల చొప్పున 250 మోతాదులు అవుతాయి. సేకరణలో జరిగిన ఒక్క అశ్రద్ధ ఆ విధంగా ఎన్నో గ్రామాలకు చేరగలదు. ఆవు చూలు కట్టకపోతే రైతు మరల ఎదకై సుమారు 21 రోజులు ఆగాలి. ఆవు తిరగపొర్లుతున్నదని దానినే నిందిస్తాడు. లోపం వీర్యంలో ఉండవచ్చునని అతనికి చెప్పినవారు లేరు.

కావున రచయితలు పద్ధతిని కూడా వివరించాలి. వెండ్రుకలను మొదలంటా గొరగక, సుమారు 2 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించాలి. పొట్టకింది భాగాన్ని కడిగి ఆరబెట్టాలి. ప్రతి సేకరణకు శుద్ధిచేసిన వేరొక కృత్రిమ యోనిని వాడాలి. సబ్బు శేషం వీర్యకణాలకు హానికరం గనుక పరికరాలను చివరకు స్వేదనజలంతో కడగాలి.

ఈ పనులు ద్రవ నత్రజనివలె ఆశ్చర్యం గొలిపేవి కావు. అయినా ఇవి సరిగా జరగనప్పుడు ఆ నత్రజని భద్రపరిచేది కల్మషాన్నే.