అత్త కుండ, కోడలి ఫ్రిజ్

పోయిన ఆదివారం రామసముద్రం పోయినప్పుడు మా మేనత్త మీద గట్టిగానే కోప్పడ్డాను. ఈ కాలమ్ వారం వారం చదివేవాళ్ళకు అత్త కొత్త కాదు. చింతపండు నిల్వ గురించీ, విత్తనపు కందులకు ఎర్రమన్ను పట్టించడం గురించీ రాసిన వారాల్లో సగం మాటలు ఆమెవే. ఆమెకు ఇరవై ఏళ్ళుగా షుగరు. చాలా ఏళ్ళుగా పొద్దునా రాత్రీ ఇన్సులిన్ సూది. అట్లాంటి మనిషి, ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకుని, వాడుతున్న ఇన్సులిన్ బుడ్డిని వంటింటి మూల కుండలో దాచింది.

"ఏందత్తా ఈ పని?" అంటే, "చెయ్యి పెట్టి చూడు నాయనా, తర్వాత తిడుదువులే" అంది.

పెట్టి చూశాను. పెద్ద కుండలో తడి ఇసుక. ఇసుక మధ్యలో చిన్న దుత్త. దుత్తలో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా, అందులో బుడ్డి. పైన తడిగుడ్డ. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు ఇసుకలో పోస్తుంది. డబ్బాకు మాత్రం తడి తగలనివ్వదు. ఇంటికో థర్మామీటర్ ఉండాలని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు, నా సంచిలో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వంటింట్లో 34 డిగ్రీలు చూపించింది. దుత్తలో అరగంట ఉంచి తీస్తే 25.

ఈ విద్య ఆమెకు ఎవరూ కొత్తగా నేర్పలేదు. రామసముద్రం, పుంగనూరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచిన ఇంటి ఆడవాళ్ళకు వేడీ తేమా వేలికొసల్లో ఉంటాయి. నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ అత్తవాళ్ళ షెడ్డులోనే గడిచేవి. కిటికీలకు గోనెపట్టలు వేలాడదీసి, గంటకొకసారి వాటి మీద నీళ్ళు చల్లడం పిల్లల పని. చాకీ పురుగులకు ఒక లెక్క, నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటిన పురుగులకు ఇంకో లెక్క. చిన్నవాటికి తేమ ఎక్కువ కావాలి, పెద్దవాటికి గాలి ఆడాలి. ఒక మధ్యాహ్నం ఆటలో పడి నీళ్ళు చల్లడం మరిచిపోయాం. సాయంత్రానికి పురుగులు ఆకు ముట్టలేదు. అత్త మమ్మల్ని కొట్టలేదు, తట్టల ముందు కూర్చుని ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకింకా గుర్తు. థర్మామీటర్ లేకుండానే, షెడ్డులోకి అడుగు పెడుతూనే "ఈరోజు గాలి ఎండిపోయింది, ఇంకో పట్ట కట్టండి" అనేది. గాలి ఎండితే తడి తొందరగా ఆరుతుంది, ఆరేకొద్దీ చల్లదనం. కుండలో జరిగేదీ అదే. ముసురు పట్టిన రోజుల్లో కుండ అంతగా చల్లబడదని కూడా అత్తే చెప్పింది.

ఆమె కుండ దారి పట్టడానికి కారణం వేరే ఉంది. అలమరలోంచి ఒక పాత బుడ్డి తీసి నా చేతిలో పెట్టింది. ఆమె వాడేది పాలలా కనిపించే మిక్చర్ ఇన్సులిన్. అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే ఒకే రంగుగా కలిసిపోవాలి. ఈ బుడ్డిలో విరిగిన పాల తునకల్లాంటివి గాజుకు అంటుకుని ఉన్నాయి, ఎంత దొర్లించినా కలవలేదు. "నెల దినాలు షుగరు దిగలేదు నాయనా, తిండి ఎక్కువైందని అందరూ నన్నే అన్నారు" అంది. అదే కంపెనీ బుడ్డి, అంతకు ముందు మాదిరే వాడింది. తేడా ఒక్కటే. అది ఫ్రిజ్‌లో ఐసుపెట్టె నుంచి వచ్చింది.

అప్పుడు ఫ్రిజ్ తెరిచాను. ఒంటి తలుపు ఫ్రిజ్. ఐసుపెట్టెలో ఇంకో కొత్త బుడ్డి. ఐసుపెట్టె కిందే ఉన్న ట్రేలో, డాక్టరు రాయగా మా బావ బెంగళూరు నుంచి తెచ్చుకున్న బరువు తగ్గించే పెన్ను, అట్టపెట్టె మంచుకు అతుక్కుని ఉంది. ఆ ట్రేలో థర్మామీటర్ సున్నా దగ్గర నిలబడింది. "చల్లగా ఉంచాలన్నారు కదన్నా, అందుకే బాగా చల్లగా ఉండే చోట పెట్టినా" అంది బావ భార్య, అత్త కోడలు. ఆమె ముఖం చూసి నా కోపమంతా పోయింది.

ఆమెను తప్పు పట్టలేం. మన కళ్ళల్లో పోలియో చుక్కల ఐసు డబ్బా నిలిచిపోయింది. మందు ఎంత గడ్డకడితే అంత భద్రమని దాన్ని చూసే అనుకున్నాం. పోలియో చుక్కలకు అది నిజం, వాటిని గడ్డకట్టించే నిల్వ చేస్తారు. వేడీ చలీ చూసుకునే జాగ్రత్తలతో మా ప్రాంతానికి పాత చుట్టరికమే ఉంది. చల్లటి పొడిగాలి మంచిదని క్షయరోగుల కోసం 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం తెరిచారు. 1948లో దేశంలో బీసీజీ టీకా పని మొట్టమొదట మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. బీసీజీలో ఉండేవి ప్రాణమున్న క్రిములు, ఎండా వేడీ తగిలితే చస్తాయి. ఇన్సులిన్ సంగతి వేరు. వేడికి అది మెల్లమెల్లగా బలం తగ్గుతుంది. గడ్డకడితే ఒక్క రాత్రిలోనే పాడవుతుంది. కరిగాక కంటికి బాగానే కనిపించినా వాడకూడదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ పెన్నులకూ ఇదే నియమం.

తెరవని మందుకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. అంటే ఫ్రిజ్ మధ్య అర, వెనక గోడకు తగలకుండా, ఒక డబ్బాలో. వాడకం మొదలైన ఇన్సులిన్ చాలా రకాలకు 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు చెల్లుతుంది. అత్త కుండ ఆ పరీక్షలో నెగ్గింది. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, తెరవని మానవ ఇన్సులిన్ 25 డిగ్రీల దాకా ఆరు నెలలు, 37 దాకా రెండు నెలలు చెప్పుకోదగ్గ నష్టం లేకుండా ఉండగలదని తేల్చింది. ఫ్రిజ్ లేని ఇళ్ళకు అది పెద్ద ఊరట. అయితే ఆ మాట కొత్త పెన్నులకు వర్తించదు. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో జూన్‌లో. తెరిచాక ఒకదానికి 30 రోజులైతే ఇంకోదానికి ఇన్ని వారాలని ఉంటుంది. పెట్టెలో మడిచి పెట్టిన కాగితమే దానికి ప్రమాణం. తెరిచిన తేదీని పెన్ను మీద స్కెచ్ పెన్నుతో రాసుకోవాలి. సూదిని పెన్నుకే వదిలేయకూడదు, మందు కారుతుంది, గాలి చేరుతుంది. మదనపల్లెలో కొని బండి డిక్కీలో పెట్టుకుని ఎండలో ఊరికి తేవడం కూడా వద్దు. ఐసు ముక్క మీద నేరుగా పెట్టకుండా గుడ్డ చుట్టి తెచ్చుకోండి.

మందు చోటు ఫ్రిజ్ అని ఇన్నేళ్ళూ ఇక్కడే రాశాను. ఆ మాట మార్చుకుంటున్నాను. మందు చోటు, దానికి సరిపోయిన వేడి ఉన్న చోటు. అది ఫ్రిజ్‌లో ఒక అర కావచ్చు, వంటింట్లో ఒక దుత్త కావచ్చు.

ఐసుపెట్టెలోని బుడ్డినీ, బావ పెన్నునూ పక్కన పెట్టించాం. ఖరీదు తలుచుకుని బావ కాసేపు పలకలేదు. నా థర్మామీటర్‌ను ఫ్రిజ్ మధ్య అరలో వదిలి వచ్చాను.

ఈ కాలమ్ చదవడం అయ్యాక లేచి మీ ఫ్రిజ్ ఒకసారి తెరవండి. సూదిమందు ఐసుపెట్టెలో గానీ, దాని కింది ట్రేలో గానీ ఉంటే, లేదా గడ్డకట్టిన జాడ కనిపిస్తే, ఈ రాత్రి అది వాడకండి. అట్లాగని సూది మానుకోవద్దు. డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేసి, కొత్తది తెప్పించుకోండి.