జ్వరానికి గడి ఉంది, మిరపకోతకు లేదు

వైస్ చాన్సలర్ నియామకం జరిగినప్పుడల్లా మన దగ్గర అడిగే ప్రశ్నలు మూడే: ఏ కులం, ఏ పార్టీ, ఎవరి మనిషి. ఆ కుర్చీలోకి రాకముందు ఆయన పాతిక ముప్పై ఏళ్లు ఏ విషయం మీద పనిచేశాడు, ఆ పని ఆయనకు ఏం చూడటం నేర్పింది అన్నది చర్చకే రాదు. యూజీసీ 2018 నిబంధనలు కూడా పదేళ్లు ప్రొఫెసరుగానో, పేరున్న పరిశోధన, విద్యాపాలన సంస్థలోనో చేసి ఉండాలంటాయే తప్ప ఏ సబ్జెక్టులో అని అడగవు. అలా అడగకపోవడం న్యాయమే. కానీ ఒక సబ్జెక్టును ముప్పై ఏళ్లు పట్టుకున్న మనిషికి దాని నుంచి ఒక చూపు అబ్బుతుంది. సోషియాలజీ వాళ్ల విషయంలో ఆ చూపు ఏమిటో, అది వీసీ టేబుల్ మీది ఫైలుకు ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోవడం మన పల్నాడు ప్రాంతానికి అవసరం. ఎందుకంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీలకు డిగ్రీలిచ్చే నాగార్జున విశ్వవిద్యాలయాన్ని ఒకప్పుడు నడిపింది ఒక సోషియాలజిస్టే.

ఆయన వై.సి. సింహాద్రి. ఆంధ్రా యూనివర్సిటీలో సోషియాలజీ ఆచార్యుడు. నాగార్జునకే కాదు, ఆంధ్రా యూనివర్సిటీకి, 1998 నుంచి 2002 దాకా బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, ఆ తర్వాత పట్నా విశ్వవిద్యాలయానికి కూడా వీసీగా చేశారు. ఇన్ని చోట్ల ఆ కుర్చీలో కూర్చున్న తెలుగువాళ్లు అరుదు. అయితే నన్ను ఆపేది ఈ పదవుల జాబితా కాదు, 1979లో వచ్చిన ఆయన పుస్తకం. అది ‘నేరస్థ తెగలు’ అని ప్రభుత్వం ముద్ర వేసి, తర్వాత ఆ ముద్ర తీసేసిన జాతుల గురించి. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్లను సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ కింద పెట్టారు. ఆ చట్టం కింద పేరు రిజిస్టరుకెక్కినవాడు వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు మారితే చెప్పి మారాలి. ఏం చేశాడన్న విచారణ లేదు, ఎవరికి పుట్టాడన్నదే లెక్క. 1952లో చట్టం రద్దయింది. రిజిస్టరు పోయినా ఊరి మీద పడ్డ పేరు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఈ చరిత్రను చదివిన మనిషికి ఒక పాఠం తప్పక తెలియాలి: కాగితం మనిషిని ఉన్నదున్నట్టు రాసుకోదు, తాను ముందే గీసుకున్న గడుల్లో ఇమిడినంతే రాసుకుంటుంది.

విశ్వవిద్యాలయం కూడా అలాంటి గడుల మీదే నడుస్తుంది. పల్నాడుకు బాగా తెలిసిన హాజరు సంగతే తీసుకుందాం. 75 శాతం అటెండెన్స్ లేనిదే పరీక్షకు కూర్చోనివ్వకూడదన్నది చాలా విశ్వవిద్యాలయాల్లో నియమం. కొద్దిగా తగ్గితే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవచ్చు. సంక్రాంతి దాటాక మన దగ్గర మిరపకోతలు ఊపందుకుంటాయి. కూలి ఇళ్లలో డిగ్రీ చదివే పిల్ల తల్లితో కలిసి చేలోకి దిగితే ఆ నెలల్లో ఇంటికి నాలుగు డబ్బులు కనబడతాయి. సరిగ్గా అప్పుడే సెమిస్టరు క్లాసులు సాగుతుంటాయి. ఆ పిల్ల హాజరు 66 శాతం దగ్గర ఆగిందనుకోండి. ఫారంలో జ్వరానికి గడి ఉంది, మిరపకోతకు లేదు. కాబట్టి దొంగ సర్టిఫికెట్ అయినా తేవాలి, ఏడాదైనా పోగొట్టుకోవాలి. నిజం చెప్పిన పిల్లకు నష్టం, అబద్ధం కొనుక్కోగలిగిన పిల్లకు లాభం. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూసే వీసీ సర్క్యులరు ఇస్తాడు. సోషియాలజిస్టు అన్నవాడు ముందు తక్కువ హాజరున్న పిల్లలు ఏ ఊళ్ల నుంచి, ఏ నెలల్లో, ఏ పని చేసే ఇళ్ల నుంచి వస్తున్నారో లెక్క తీయమంటాడు. తీయమనకపోతే ఆయన చదువు అలమరాలోనే ఉండిపోయినట్టు.

ఇలాంటి లెక్క ఎందుకు ముఖ్యమో తెలుగు నేల మీదే పనిచేసిన మరో ఆచార్యుడు చూపించారు. ఎస్.సి. దూబే ఉస్మానియాలో ఉండగా 1951–52లో హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేశారు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వంటి శాఖలవాళ్లూ ఆ ప్రాజెక్టులో ఊరికి వెళ్లారు. దాని ఫలితంగా 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ ఇప్పటికీ సోషియాలజీ విద్యార్థులు చదివే పుస్తకం. మూడేళ్ల తర్వాత వచ్చిన మరో పుస్తకంలో, ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో సామూహిక అభివృద్ధి పథకాన్ని పరిశీలించి, వ్యవసాయ విస్తరణ ఫలంలో దాదాపు 70 శాతం అప్పటికే పలుకుబడి, ఆస్తి ఉన్న రైతులకే చేరిందని ఆయన రాశారు. అధికారులు ఎవరినీ వెళ్లగొట్టలేదు. పథకం అందరిదీ అన్నారు, అందుకోగలిగినవాళ్లు అందుకున్నారు. ఆ దూబే తర్వాత జమ్మూ విశ్వవిద్యాలయానికి వీసీ అయ్యారు. ఊరికి వేసిన ఆ కొలతనే విశ్వవిద్యాలయానికీ వేయాలని నేనంటాను. లైబ్రరీ, హాస్టలు, స్కాలర్‌షిప్, పీహెచ్‌డీ సీటు అన్నీ అందరివే. అవి ఎవరి దాకా చేరుతున్నాయి?

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. వీసీ పనిలో సగం జీతాల బిల్లులు, కోర్టు కేసులు, ప్రభుత్వంతో బేరాలు. అక్కడ కావాల్సింది పాలనా దక్షత, దానికి సోషియాలజీ ఎందుకు అంటారు. దక్షత లేనివాడిని ఏ శాస్త్రమూ కాపాడదు, ఒప్పుకుంటాను. కానీ దక్షత ఇచ్చిన పనిని చక్కగా చేయిస్తుంది, ఏ పని చేయాలో చెప్పదు. అమెరికా సోషియాలజిస్టు చార్లెస్ ఎస్. జాన్సన్ ఉదాహరణ చూడండి. 1919 షికాగో జాతి అల్లర్లలో 38 మంది చనిపోతే, వాటి కారణాలను విచారించిన సంఘం 1922లో ఇచ్చిన నివేదికలో ఆయనది ప్రధాన పాత్ర. అల్లరి మూక మీదే నెపం వేసి ఊరుకోకుండా ఇళ్లు, ఉద్యోగాలు, పోలీసుల తీరు దాకా ఆ విచారణ వెళ్లింది. 1946లో ఆయన ఫిస్క్ విశ్వవిద్యాలయానికి మొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యారు. గొడవ జరిగాక ఎవరిని సస్పెండ్ చేద్దామని మాత్రమే ఆలోచించే ఆఫీసుకు, గొడవ ఎక్కడ మొదలైందని అడగడం వచ్చిన మనిషి అవసరమే.

రెండో అభ్యంతరం: ఇలా ప్రతిదానికీ కారణాలు వెతుక్కుంటూ పోతే కాపీ కొట్టినవాడికీ ఏదో కారణం దొరుకుతుంది, పరీక్షల పరువు పోతుంది. ఇక్కడే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మనకు పనికొస్తుంది. దాని తప్పు కఠినంగా ఉండటం కాదు. చేసిన పనిని వదిలి పుట్టుకను శిక్షించడం దాని తప్పు. కాపీ కొట్టిన కుర్రాణ్ని పట్టుకుని బుక్ చేయండి, ఏ ఊరివాడైనా సరే. ‘ఆ సెంటరు పిల్లలంతా అంతే’ అని ముందే ముద్ర వేసి, చదివి రాసిన పిల్ల మార్కులను కూడా అనుమానించడం మాత్రం పాత రిజిస్టరును మళ్లీ తెరవడమే. ఫ్యాక్షన్ ప్రాంతం అన్న పేరును తరాలుగా మోస్తున్న పల్నాడు పిల్లలకు ఈ తేడా ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

చివరిది, సోషియాలజిస్టులు వీసీలై మన విశ్వవిద్యాలయాలను మార్చేశారా అన్న ప్రశ్న. లేదు. మూడేళ్ల పదవీకాలం, ఖాళీ పోస్టులు, పైనుంచి వచ్చే ఫోన్లు ఎవరి చేతులైనా కట్టేస్తాయి. పైగా సమాజాన్ని చదివిన మనిషి కుర్చీ ఎక్కగానే చదివింది మరిచిపోవడం ఏమంత వింత కాదు. అందుకే ఆ కుర్చీ సోషియాలజీ వాళ్లకే ఇమ్మని నేను అడగడం లేదు. కెమిస్ట్రీ ఆచార్యుడైనా ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదన్న లెక్క అడగవచ్చు, సోషియాలజీ ఆచార్యుడు అడగకపోతే మాత్రం అది ఆయనకు రెట్టింపు తప్పు. పేర్లు వడపోసే సెర్చ్ కమిటీ ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో, ఎన్ని సెమినార్లు జరిపారో చూస్తుంది. చూడనివ్వండి. దానికి తోడు మీ విశ్వవిద్యాలయం ఫారాల్లో ఏ గడి వల్ల ఏ పిల్లలు బయట ఉండిపోతున్నారు, దాన్ని మొదటి ఏడాదిలో ఎలా మారుస్తారు అని కూడా అడగాలి. ఊరి పేరుతో, నెల పేరుతో, సంఖ్యతో జవాబు చెప్పగలిగినవాళ్లు ఏ శాఖ నుంచి వచ్చినా ఆ కుర్చీకి అర్హులే.