యవనుల వాగ్మితాశాస్త్రము: నామము, జననము

ఆంగ్లమున ‘రెటరిక్’ అనఁబడు శాస్త్రమును మనవారు తఱచుగా నలంకారశాస్త్రమని యనువదించుచున్నారు. ఈ యనువాదము సాధువు కాదని నా యభిప్రాయము. మన యలంకారశాస్త్రము కావ్యనాటకముల నాశ్రయించి పెరిగినది. యవనులది న్యాయసభయందుఁ బుట్టినది.

సిసిలీద్వీపమున సిరక్యూసు పట్టణమందు క్రీ. పూ. 466 ప్రాంతమున నిరంకుశప్రభుత్వ మంతరింపఁగా, ఆస్తులు గోల్పోయినవారు వానికై వ్యాజ్యములు దెచ్చిరనియు, అప్పుడు కొరాక్సు, తీసియాసు అనువారు వాదపద్ధతిని సూత్రించిరనియు నైతిహ్యము. సిసిరో దీనిని అరిస్టాటిలు పేరఁ జెప్పినాఁడు. ఆ పద్ధతికి మూలము సంభావ్యత. పరునిఁ గొట్టెనని దుర్బలునిపై నభియోగము వచ్చినచో, తనవంటివానికది సంభవింపదనును; బలవంతునిపై వచ్చినచో, అందఱును దన్నే శంకింతురని యెఱిఁగియుఁ దాను గొట్టుట సంభవింపదనును. ఒకే యుక్తి యుభయులకుఁ జెల్లుట యిందలి విశేషము. అరిస్టాటిలు నిందించిన దోషమును నిదియే.

ఏథెన్సునందుఁ గక్షిదారులు స్వయముగా మాటలాడవలసియుండెను. తీర్పరులుగా వందలకొలఁది పౌరులు గూర్చుండెడివారు. కావున లీసియాసువంటివారు పరులకై ప్రసంగములు వ్రాసి యిచ్చిరి. క్రీ. పూ. 427లో లెయొంతిని పురమునుండి రాయబారిగా వచ్చిన గోర్గియాసు వాక్శైలి యచట మిక్కిలి మన్ననఁ గాంచెను.

1990లో ఎడ్వర్డు షియాప్ప యను విమర్శకుఁడు ‘రేతోరికే’ యను పదమును ప్లేటోయే కల్పించియుండునని వాదించెను. ‘రేతోర్’ అనఁగా వక్త. వాని విద్య ‘రేతోరికే’. గోర్గియాసు పేరిటి సంవాదమునకు ముందు దీని ప్రయోగము నిశ్చయముగాఁ గానరాదనుట యాతని హేతువు. దీనిని గాదన్నవారును గలరు. పదము మాట యెట్లున్నను, పదము లేనంతమాత్రమున వస్తువు లేదనరాదు. పాణినికి ముందును జనులు సాధుశబ్దములఁ బలికిరి. లక్ష్యము ముందు, లక్షణము వెనుక. అట్లని నామకరణము నిష్ఫలమును గాదు. పేరుగల దానినే ప్లేటో పాకనైపుణ్యముతోఁ బోల్చి, విద్య కాదు, అభ్యాసమాత్రమని దూషింపఁగలిగెను. ఆ దూషణమే దానిని శాస్త్రచర్చకుఁ దెచ్చెను. పిమ్మట అరిస్టాటిలు మూఁడు భాగముల గ్రంథము రచించి, వక్త శీలము, శ్రోతల చిత్తవృత్తి, యుక్తి యను మూఁటిని విశ్వాసహేతువులుగా నిరూపించెను. శైలిని మూఁడవభాగమునందుఁ గాని విచారింపలేదు.

కావున నలంకారములు దానికంగములే కాని ప్రాణము గావు. దండి భామహుల కొలఁబద్దతో అరిస్టాటిలును గొలిచి, కొఱంతలు లెక్కించుట యీ యనువాదదోషఫలమే. న్యాయదర్శనమందలి వాదజల్పవితండావిచారము దీనికిఁ గొంత చేరువ. కాని నైయాయికుఁడు ప్రతివాదిని జయింపఁ జూచును; యవనవక్త తీర్పు చెప్పెడి జనసమూహమును ఒప్పింపఁ జూచును. ఈ భేదమును గాపాడుటకు వాగ్మితాశాస్త్రమను పేరే తగునని నాకుఁ దోఁచెడిని. అంతకు మేలైన పదము సూచింపఁబడినచో సంతోషముతో గ్రహింతును.