షాడో పాతవాడేనా?

కొత్త షాడో నవల చేతికి రాగానే మా నూజివీడు వైపు పాఠకుల నోట వచ్చే మాట ఒకటుంది: "పర్లేదు గానీ, మునుపటి షాడో కాదండీ." పుస్తకం సగమన్నా కాకముందే అనేస్తారు. యాభై దాటినవాళ్లయితే ఇంకాస్త గట్టిగా అంటారు. ఏళ్ల తరబడి నడిచే సీరీస్‌లో కొత్త నవల వచ్చినప్పుడు దాని మీద అభిప్రాయం చెప్పడం, విడి నవల మీద చెప్పడం లాంటిది కాదు. దానికి సాధన కావాలి. దానికీ ఒక నిజాయితీ ఉంది. ఈ వారం దాని గురించే రాయాలనిపించింది.

ఇప్పటి పిల్లల కోసం నాలుగు మాటలు. షాడో సి.ఐ.బి. అనే గూఢచారి సంస్థలో ఏజెంటు. పైన చీఫ్ కులకర్ణి, పక్కన గంగారాం, శ్రీకర్, ఇంట్లో బిందు. రాసినవారు మధుబాబు, అసలు పేరు వల్లూరు మధుసూదనరావు. "టైగర్ మునాకో", "చైనీస్ బ్యూటీ", "రివెంజ్ రివెంజ్", "షాడో ఇన్ జపాన్" లాంటి పేర్లు వింటేనే మా తరానికి బస్టాండులో పుస్తకాల కొట్టు కళ్ల ముందు నిలబడుతుంది. షాడో దేశాలన్నీ తిరగొచ్చు, మధుబాబు గారి పేరు మాత్రం హనుమాన్ జంక్షన్‌తో ముడిపడి ఉంది. నూజివీడులో బస్సెక్కితే అక్కడికి గంట పట్టదు. అందుకే ఈ చుట్టుపక్కల షాడో గురించి మాట్లాడేవాళ్ల గొంతులో మన ఇంటి మనిషి అన్న చనువు వినపడుతుంది. విమర్శ కూడా ఆ చనువుతోనే చేస్తారు.

ఈ అభిప్రాయాలు ఎక్కడ పుట్టాయో నాకు బాగా తెలుసు. ఆగిరిపల్లి, ముసునూరు, విస్సన్నపేట వైపు మామిడితోటలు గుత్తకు తీసుకున్నవాళ్లు పిందె పడ్డప్పటి నుంచి కాయ దిగేదాకా రాత్రిళ్లు తోటలోనే కాపలా ఉంటారు. ఆ రాత్రులు పొడుగు. నిద్రపోకూడదు. అప్పట్లో ఊళ్లో అద్దెకిచ్చే పుస్తకాల కొట్టు నుంచి రోజుకింత అని కట్టి రెండు మూడు షాడోలు తెచ్చుకునేవాళ్లు. లాంతరు వెలుగులో ఒకరు చదువుతుంటే నలుగురు వినేవాళ్లు. చదవడం రాని పెద్దాయన కూడా "ఆగు, కులకర్ణి ఆ మాట ముందే చెప్పాడుగా?" అని అడ్డు తగిలేవాడు. అంత శ్రద్ధగా వినే శ్రోతలు ఏ సాహిత్య సభలోనూ నాకు మళ్లీ కనపడలేదు.

ఆ అద్దె పుస్తకాల అంచులు చూసి ఉండాలి మీరు. మామిడి జీడి మరకలు, టీ మరకలు, వాటి పక్కనే పెన్సిలు రాతలు. "ఇక్కడి నుంచి స్పీడు." "గంగారాం ఇంకా రాలేదేంటి?" "ఈ ఫైటు అనవసరం." ఒకచోట ఎవరో "షాడో ఇలా అనడు" అని రాస్తే, కింద ఇంకో చేతిరాతలో "అంటాడు, మొదటి పుస్తకాలు చదువు" అని జవాబు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోని ఇద్దరు పాఠకులు ఒక పేజీ అంచున వాదించుకున్నారు! చివరి మలుపు ముందే బయటపెట్టేసిన దుర్మార్గులూ ఉండేవారు, వాళ్లను నేను ఇప్పటికీ క్షమించను. కానీ ఆ పెన్సిలు రాతల్లో ఉన్నది నికార్సయిన విమర్శ. ఎక్కడ కథ పట్టు జారిందో పేజీ దగ్గర వేలుపెట్టి చూపించిన విమర్శ. "బాగుంది", "బాగాలేదు" అని చివర ఒక్క ముక్కలో తేల్చేయడం కంటే ఇది ఎంతో మేలు.

"షాడో ఇలా అనడు" అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. సీరీస్ పాఠకుడికి మాత్రమే ఉన్న హక్కు అది. అంతకుముందు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కూ అలాంటి పాఠకులే ఉండేవారు. యుగంధర్ కూర్చుని ఆలోచిస్తాడు, అతని అసిస్టెంటు రాజు పరుగెడతాడు, చిక్కుముడి విడుతుంది. ఆ లెక్క తప్పితే పాఠకుడు ఒప్పుకోడు. షాడో పద్ధతి వేరు. ముందు దెబ్బ తింటాడు, తర్వాత లేస్తాడు. ఈ లేవడం కోసమే మనం పేజీలు తిప్పాం. పదుల కొద్దీ నవలల్లో ఒక మనిషికి ఇలాంటి కట్టుబాట్లు ఏర్పడతాయి. వాటిని రచయిత కంటే ఎక్కువగా గుర్తుంచుకునేది పాఠకుడు. అచ్చుకు వేళ దాటిపోతుంటే రాసే రచయితకు పాతిక నవలల కిందట ఏమన్నాడో గుర్తులేకపోవచ్చు. పాఠకుడికి గుర్తుంటుంది. ఆ గుర్తుతో అతను నిలదీస్తే రచయిత వినాల్సిందే.

మరి "మునుపటి షాడో కాదు" అన్న మాట? దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేను. మా దగ్గర ప్రతి వేసవిలోనూ ఇంకో మాట వినపడుతుంది: "రసాల్లో వెనకటి తీపి లేదు." తోట సొంతదారు ఆ మాటకు వెంటనే తల ఊపడు. ఏ చెట్టు కాయ, ఎప్పుడు కోశారు, గడ్డిలో ఎన్నాళ్లు మాగింది, లేక మందు పెట్టి మాగించారా అని ఆరా తీస్తాడు. అదే చెట్టు చిన్నరసం, సరిగ్గా మాగింది తెచ్చి చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పండి" అంటాడు. కొన్నిసార్లు పండులో తీపి నిజంగానే తగ్గి ఉంటుంది. కొన్నిసార్లు తిన్నవాడి నాలుకే మారి ఉంటుంది.

నవలకు కూడా ఆ పరీక్ష పెట్టాలని నా పట్టుదల. కొత్త షాడో చదివిన వారంలోనే పాత షాడో ఒకటి తీసి మళ్లీ చదవండి. జ్ఞాపకంలో ఉన్నది కాదు, అట్ట చిరిగిన ఆ పుస్తకాన్నే చదవండి. నేను ఆ పని చేస్తుంటాను. చేసినప్పుడల్లా ఒకటి తేటతెల్లమవుతుంది. కొత్త నవలలో మనం తప్పుపట్టే చాలా విషయాలు పాతవాటిలోనూ ఉన్నాయి. అనుకోకుండా తారసపడ్డ మనిషి వల్ల కథ మలుపు తిరగడం, చంపాల్సిన వేళ విలన్ ఉపన్యాసం మొదలుపెట్టడం అప్పుడూ ఉన్నాయి. పదహారేళ్ల వయసులో అవి మనకు అడ్డం రాలేదు. దానితో పాటు పాతవాటిలో నిజంగా ఉన్న బలం కూడా బయటపడుతుంది. వాక్యం పొట్టిది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, తలుపు ఏ వైపుందో కళ్లకు కట్టేది. కొట్లాటలో ఏ చెయ్యి ఎటు లేచిందో పాఠకుడికి తెలిసేది. కొత్త పుస్తకంలో అది పలచబడితే అప్పుడు గట్టిగానే అనాలి. మన కుర్రతనం తిరిగి రాలేదన్న దిగులును మాత్రం రచయిత ఖాతాలో రాయకూడదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఇయాన్ ఫ్లెమింగ్ 1964లో పోయాక జేమ్స్ బాండ్‌ను ఎవరు రాయాలన్న గొడవ మొదలైంది. 1968లో కింగ్స్‌లీ ఏమిస్ వేరే పేరుతో "కర్నల్ సన్" రాశాడు. ఆ తర్వాత చాలామంది రాశారు. 2011లో జెఫ్రీ డీవర్ బాండ్‌ను ఇప్పటి కాలపు కుర్రాడిగా మార్చేశాడు. 2015లో ఆంథొనీ హోరోవిట్జ్ అతన్ని తిరిగి ఫ్లెమింగ్ నాటి 1950ల్లోకే తీసుకెళ్లాడు. జాన్ లె కారే 2020లో కన్నుమూస్తే, 2024లో ఆయన కొడుకు నిక్ హార్కవే "కార్లాస్ చాయిస్" రాశాడు. తండ్రి రాసిన రెండు నవలల మధ్య ఖాళీగా ఉన్న కాలాన్ని వెతికి, 1963లో కథ పెట్టాడు. హిందీలో సురేందర్ మోహన్ పాఠక్ 1963లో మొదలుపెట్టిన సునీల్ నూరు నవలలు దాటాక కూడా కుర్రాడే. గూఢచారికి వయసు రానివ్వాలా, కాలాన్నే ఆపేయాలా? సీరీస్ రాసే ఎవరికైనా ఈ చిక్కు తప్పదు.

నా ఓటు కాలాన్ని ఆపేయడానికే. ట్రంక్ కాల్ కోసం గంటలు కాచుకునే రోజుల్లో షాడో గొప్పవాడయ్యాడు. శత్రువు కోటలో చిక్కుకుంటే కులకర్ణికి కబురు పంపే దారి ఉండేది కాదు. ఆ ఒంటరితనమే కథకు ఊపిరి. షాడో జేబులో సెల్‌ఫోన్ పెట్టగానే సగం ప్రమాదం ఆవిరైపోతుంది. ప్రతిసారీ సిగ్నల్ లేదని రాయడం ఎన్ని నవలలకు నడుస్తుంది? దానికంటే పాత నవలల మధ్య ఖాళీలు వెతుక్కుని, ట్రంక్ కాల్స్ కాలంలోనే కొత్త కథ పెడితే, వైర్‌లెస్ సెట్టు ముందు రాత్రంతా కూర్చున్న షాడోను చూపితే, నాలాంటివాళ్లం రెండు కాపీలు కొంటాం.

జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలో ఈ మాటే అంటుంటే ఒకమ్మాయి ఒప్పుకోలేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుతోంది. షాడోలు ఫోన్‌లో చదివిందట, వరస పాటించకుండా, ఏది దొరికితే అది. "ఖాళీలు వెతకడం సరే అంకుల్, ఆ ఖాళీల్లో మళ్లీ షాడోనే ఎందుకు ఉండాలి?" అంది. షాడో ఏ దేశంలో ఉన్నాడో తెలియని రోజుల్లో, ఇక్కడ బిందు దగ్గరి నుంచి మొత్తం కథ చెప్తే ఎలా ఉంటుందని అడిగింది. కబురు రాని రోజులు, వచ్చినవాడు నిజంగా సి.ఐ.బి. మనిషో కాదో తేల్చుకోవాల్సిన సందర్భం, ఎవరినీ నమ్మకూడని ఇల్లు: అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. అప్పుడు మాతో ఉన్న పాత షాడో అభిమాని ఒకాయన, అంతదాకా "మునుపటిలా లేదు" అంటూ వచ్చినాయన, ఆ వచ్చిన మనిషి ఎవరై ఉంటే బాగుంటుందో ఆ అమ్మాయితో చర్చ మొదలుపెట్టాడు.