హార్బర్ పక్కన గునుగు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేట నిషేధం ఏటా జూన్ 14తో ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి కట్టేసి ఉన్న మరపడవలు ఆ అర్ధరాత్రి దాటాక కదులుతాయి. నేను మేడ మీద గునుగు విత్తనాలు చల్లేది ఆ రోజుల్లోనే. ఇందులో ముహూర్తబలం ఏమీ లేదు. తొలకరి పడి మట్టి చల్లబడేది అప్పుడే, చేపల లోడు మళ్ళీ మొదలై అంచులు విరిగిన థర్మోకోల్ పెట్టెలు దొరికేదీ అప్పుడే.

"ఏటమ్మా, గడ్డి పెంచుతన్నావేటి?" అంటుంది మా వీధిలో చేపలమ్మే అత్త. ఆమె మాట తీసెయ్యలేం. వేరుశనగ, చోడి చేలల్లో రైతు కలుపు కింద పీకి గట్టు మీద పారేసే మొక్కే ఇది. తెలంగాణలో అదే మొక్క తంగేడు పక్కన బతుకమ్మలో కూర్చుంటుంది. మనం కుండీల్లో ముచ్చటపడి పెంచే కోడిజుట్టు పువ్వు కూడా ఈ గునుగు జాతిదే. మనుషులు తరతరాలుగా ఏరి పెంచగా తలకట్టు అలా ముద్దగా మారింది. నాకైతే ఆ ముద్ద కన్నా సన్నటి కంకే అందం. కొసన గులాబీ ఛాయ, కిందికొచ్చేసరికి వెండి తెలుపు. కోసి నెలలు గడిచినా పువ్వు రాలదు.

ఇక పెంపకం. పెట్టెకి అడుగున కన్నాలు పొడిచి, ఉప్పంతా పోయేలా మంచినీళ్ళతో బాగా కడిగి ఎండబెట్టాలి. ఎర్రమట్టిలో ఏటి ఇసుక కలిపితే చాలు. దగ్గరే ఉంది కదా అని బీచ్ ఇసుక మాత్రం తేవద్దు. విత్తనం ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది. పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన అరచేత్తో అద్దండి. లోతుగా పూడిస్తే మొలవదు. మొలకలు ఒత్తుగా వచ్చినప్పుడు జానెడు ఎడం ఉండేలా పలచన చెయ్యాలి. అన్నీ ఉంచాలన్న ఆశ ఇక్కడ పనికిరాదు. నారు తీసి నాటడం దీనికి పడదు. వేరు కదిలినా, చోటు ఇరుకైనా బెంగపడి బెత్తెడు ఎత్తులోనే పూత పెట్టేసి ఊరుకుంటుంది.

మా వైపు చేపలు కడిగిన నీళ్ళు బీర, ఆనప పాదులకి పోస్తారు. పాదులు బ్రహ్మాండంగా సాగుతాయి. గునుగుకి ఆ భోగం వద్దు. బలం ఎక్కువైతే ఆకు మీద ఆకు వేసి, పూత వాయిదా వేసి, చివరికి సముద్రపు గాలికి వాలిపోతుంది. మట్టి పైన ఆరితేనే నీళ్ళు.

ఒక్క చిక్కు మాత్రం హార్బర్‌దే. పగలు కురచవుతున్న కొద్దీ, రాత్రి నిడివి పెరిగిన కొద్దీ పూసే గుణం గునుగుది. హార్బర్‌కి రాత్రే లేదు. తెల్లారకముందే వేలం మొదలు, ఎత్తు స్తంభాల మీద దీపాలు ఆరేది లేదు. మా మేడ మీద దీపాల వైపున్న పెట్టెలు వెనకబడి పూస్తాయి. దీపాలు మన చేతిలో లేవు కాబట్టి పెట్టెల్నే నీళ్ళ ట్యాంకు చాటుకి జరిపాను. మహాలయ అమావాస్య నాటికి కంకులు అందకపోతే పక్కవాటాలో ఉన్న వరంగల్ వదినకి ఎంగిలిపూల బతుకమ్మ వెలితిగా ఉంటుంది మరి. ఆవిడ కొన్నిటికి రంగులద్దుతుంది. ఆ రంగులు నాకు నచ్చవు, పండగ ఆవిడది గనక పైకి అనను.

కూర సంగతి అడుగుతారని తెలుసు. లేత గునుగాకు తింటారు. తెలంగాణ పల్లెల్లో వండుతారు, నైజీరియాలో సోకో అన్న పేరుతో మడులు కట్టి పండిస్తారు. అయినా ఓడరేవు చుట్టుపక్కల నేల మీద మొలిచింది మాత్రం తినకండి. ఈ మొక్క మట్టిలోని మాంగనీసుని విపరీతంగా లాగి తనలో దాచుకుంటుందని 2014లో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించారు. కాడ్మియాన్ని కూడా పీల్చుకుంటుందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. చెడిన నేలని బాగు చెయ్యడానికి దీన్ని వాడే ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. మన ఓడరేవు సంగతి చూడండి. 1933లో అది తెరుచుకున్నదే ముఖ్యంగా మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి. తొంభై ఏళ్ళుగా ఖనిజమూ బొగ్గూ ఎక్కుతూ దిగుతూ ఉన్న చోటు ఇది. గాలి ఇటు మళ్ళిన రోజు ఆకు మీద వేలు రాస్తే నల్లగా అంటుకుంటుంది. అలాంటి నేలలో ఎదిగిన ఆకుని పప్పులో వేసుకోవడం తెలివైన పని కాదు. ఇక్కడ పువ్వుకే పెంచాలి.

ఉప్పుగాలికి తట్టుకుంటుందా అని కూడా అడుగుతారు. మామూలు గాలికి తట్టుకుంటుంది. తుఫానుకి ఏదీ తట్టుకోదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కూలిన చెట్లు కూలగా, నిలబడ్డ వాటి ఆకులు మాడిపోయాయి. ఆ చెట్ల నీడ తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది. ఏడాది మొక్క లెక్క వేరు. అప్పటికే గింజ రాల్చేసి ఉంటుంది, మరుసటి వానలకి లేస్తుంది.

ఇప్పుడు కార్తీకం. సగం ఊరు నీచు మానేసింది, అత్త బుట్ట తొందరగా ఖాళీ కావడం లేదు. గునుగుకి మాత్రం ఇది గింజ తీసే కాలం. కంకి పైన ఇంకా పూస్తుండగానే కింద గింజ ముదిరి రాలిపోతుంది, అందుకని మొత్తం ఎండేదాకా ఆగకూడదు. కంకిని వంచి కాగితం సంచిలోకి తట్టి, పొట్టు ఊదేసి, నీడలో ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే సీసాలో పొయ్యండి. మన గాలిలో తేమకి సంచిలో దాస్తే చెడిపోతుంది. నాలుగు కంకులు పెట్టెలోనే వదిలేస్తే జూన్‌లో అవే మొలుస్తాయి.

విత్తనానికి నర్సరీకి వెళ్తే కోడిజుట్టు ప్యాకెట్ చేతిలో పెడతారు. ఈ ఆదివారం ఆనందపురం, పద్మనాభం వైపు వెళ్ళి పొలం గట్లు చూడండి. కోసేముందు రైతుని ఒక్క మాట అడగండి. మొత్తం పీక్కుపొమ్మంటాడు.